విక్టోరియన్ అచ్చు కార్డులు, పాత కాగితాల సేకరణ: మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగికి పండగ ఉత్తరాలన్నిటికీ జవాబు రాసే తీరిక లేకపోయింది. చిత్రకారుడు జాన్ కాల్కాట్ హార్స్లీ చేత ఒక బొమ్మ గీయించి, దాన్ని వెయ్యి దాకా అచ్చు వేయించి, చేత్తో రంగులు వేయించాడు. తనకు అక్కర్లేనివి ఒక్కోటి షిల్లింగుకి అమ్మకానికి పెట్టించాడు. అమ్మకానికి వచ్చిన మొదటి క్రిస్మస్ కార్డుగా చెప్పుకునేది దాన్నే. షిల్లింగు అంటే పన్నెండు పెన్నీలు, అప్పటి కూలివాడికి పెద్ద మొత్తం. నలభై ఏళ్లు తిరిగేసరికి అదే ఊళ్లో పెన్నీకి కూడా రంగురంగుల కార్డులు దొరికాయి.

ఆ మార్పుకి కారణాలు తెలిస్తే మీ చేతిలో ఉన్న కాగితం సగం అర్థమైనట్టే. 1840లో బ్రిటన్‌లో దూరంతో పని లేకుండా ఒక పెన్నీకే ఉత్తరం వెళ్లే పద్ధతి వచ్చింది. 1861లో కాగితం మీద పన్ను పోయింది. 1870లో కార్డులకి, అచ్చు కాగితాలకి పోస్టేజీ అరపెన్నీకి దిగింది. ఇవి జరుగుతుండగానే, రాతి పలకల మీద నుంచి ఒక్కో రంగు ఒక్కోసారి అద్దే క్రోమోలిథోగ్రఫీ జర్మనీ, బ్రిటన్, అమెరికాల్లో పెద్ద పరిశ్రమగా ఎదిగింది. అంతకుముందు ఇంట్లో ఒక్క రంగుల బొమ్మ కూడా లేని కుటుంబాలు ఆల్బమ్‌లు నింపుకోవడం మొదలుపెట్టాయి.

ఇలా తక్కువ రోజుల వాడకం కోసం అచ్చయి, తర్వాత పారేయాల్సిన కాగితాలన్నిటినీ సేకరించేవాళ్లు ఎఫిమెరా అంటారు. గ్రీటింగ్ కార్డులు, దుకాణం ప్రకటనలు, టికెట్లు, మెనూలు, బిల్లులు, చావు కార్డులు అన్నీ ఇందులోకే వస్తాయి. ఈ వ్యాసంలో ఎక్కువగా బ్రిటన్, అమెరికా కార్డుల గురించే చెబుతాను. ఆ దేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లకి ఇవి వీధి సంతల్లోనే దొరుకుతాయి. ఇక్కడున్నవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

ఒక మాట ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది: కార్డు చేతికి రాగానే తిప్పి వెనక వైపు చూడండి. ముందు వైపు బొమ్మ వేల మందికి ఒకటే. వెనక ఉన్న దుకాణం ముద్ర, పెన్సిల్ రాత, జిగురు మరక, చిరునామా మాత్రం ఆ ఒక్క కార్డువే.

1. ఏమేం ఉన్నాయో ముందు తెలుసుకోండి

కొనకముందు కొన్నాళ్లు చూడటానికే కేటాయించండి. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో జాన్ జాన్సన్ కలెక్షన్ ఉంది. ఆ యూనివర్సిటీ ప్రెస్‌లో ముద్రాపకుడిగా పనిచేసిన జాన్సన్, ఇతరులు చెత్త అనుకున్న కాగితాలని పోగేశాడు. అందులో కొంత భాగం ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. మాంచెస్టర్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో లారా సెడాన్ సేకరించిన విక్టోరియన్, ఎడ్వర్డియన్ (విక్టోరియా రాణి, ఆమె తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజు కాలాల) గ్రీటింగ్ కార్డులు 32,000 దాకా ఉన్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జెఫర్సన్ బర్డిక్ ఇచ్చిన కార్డులున్నాయి. వీటిలో కొన్ని వందలు చూస్తే కంటికి ఒక అలవాటు పడుతుంది. ఆ అలవాటే తర్వాత మీ డబ్బు కాపాడుతుంది.

రకాల్లో మొదటగా చెప్పుకోవాల్సింది ట్రేడ్ కార్డులు. అమెరికాలో 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన తర్వాత ఇవి వెల్లువెత్తాయి, 1880లలో ఊరూరా నిండాయి. దారం ఉండలు, సబ్బులు, కాఫీ, కుట్టుమిషన్లు, మందులు, ఏది కొన్నా దుకాణదారు చేతిలో ఒక కార్డు పెట్టేవాడు. పిల్లలు, ఆడవాళ్లు వాటిని ఆల్బమ్‌లలో అతికించుకునేవాళ్లు. రంగుల ప్రకటనలు పత్రికల్లోకి వచ్చాక 1890ల చివరికి ఈ కార్డులు తగ్గిపోయాయి. వీటిలో స్టాక్ కార్డులని ఒక జాతి ఉంది. ముద్రాపకులు ఒకే బొమ్మ వేలల్లో అచ్చు వేసి ఖాళీ చోటు వదిలేవాళ్లు, ఊళ్లోని దుకాణదారు అక్కడ తన పేరు వేయించుకునేవాడు. అందుకే ఒకే పిల్లిపిల్ల బొమ్మ ఒక ఊళ్లో చెప్పుల దుకాణానిది, ఇంకో ఊళ్లో మందుల షాపుది అవుతుంది.

క్రిస్మస్ కార్డుల్లో పెద్ద పేర్లు బెల్‌ఫాస్ట్‌కి చెందిన మార్కస్ వార్డ్, లండన్‌లోని రాఫెల్ టక్, డి లా ర్యూ, హిల్డెషైమర్ అండ్ ఫాక్నర్, బోస్టన్‌లో లూయీ ప్రాంగ్. మార్కస్ వార్డ్ కార్డులకి కేట్ గ్రీనవే బొమ్మలు గీసింది. ప్రాంగ్ 1870లలో అమెరికాలో క్రిస్మస్ కార్డుని ఇంటింటికీ చేర్చాడు. మంచి చిత్రకారుల చేత గీయించడానికి పోటీలు పెట్టి బహుమతులిచ్చాడు. ఆ కాలం కార్డుల మీద మంచు, చర్చి కన్నా పువ్వులు, పిల్లలు, పక్షులు ఎక్కువ కనిపిస్తాయి. రాబిన్ పిట్ట మరీ ఎక్కువ. బ్రిటన్ పోస్టుమన్లు ఒకప్పుడు ఎర్రకోట్లు వేసుకోవడంతో జనం వాళ్లని రాబిన్లని పిలిచేవాళ్లు. కార్డు మీద ఆ పిట్ట ముక్కున ఉత్తరం పట్టుకుని కనబడటం అందుకే.

వాలెంటైన్ కార్డుల్లో అందమైనవి లేసు కాగితంతో చేసినవి. కాగితాన్ని అచ్చులో వత్తి, ఉబ్బెత్తు భాగాలని అరగదీస్తే లేసులా చిల్లులు పడతాయి. మసాచుసెట్స్‌లోని వూస్టర్ పట్నంలో ఎస్తర్ హౌలాండ్ 1840ల చివర్లో ఇలాంటి కార్డుల తయారీ మొదలుపెట్టి, అమ్మాయిల చేత వరసగా పని చేయించి, దాన్నొక వ్యాపారంగా నిలబెట్టింది. 1881లో జార్జ్ విట్నీకి అమ్మేసింది. దీనికి పూర్తి వ్యతిరేకం వెనిగర్ వాలెంటైన్లు. నచ్చనివాళ్లని ఎగతాళి చేస్తూ పంపే చవక కాగితాలివి. అందుకున్నవాళ్లు చించిపారేసేవాళ్లు కాబట్టి మంచి స్థితిలో దొరకడం తక్కువ.

స్క్రాప్‌లు అంటే అంచులు కత్తిరించి, ఉబ్బెత్తుగా వత్తిన రంగుల బొమ్మలు. ఎక్కువగా జర్మనీలో తయారయ్యేవి. షీటులో బొమ్మకీ బొమ్మకీ మధ్య సన్నని కాగితపు పట్టీలుంటాయి, తయారీదారు పేరు వాటి మీదే ఉంటుంది. ఆ పట్టీ ఇంకా అంటుకుని ఉన్న స్క్రాప్ దొరికితే వదలకండి.

కార్ట్ డి విజిట్ అనేది అట్టకి అతికించిన చిన్న ఫోటో. 1854లో పారిస్‌లో డిస్డేరీ అనే ఫోటోగ్రాఫరు దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అట్ట సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు. 1866 నుంచి దానికన్నా పెద్దదైన క్యాబినెట్ కార్డు వచ్చింది, ఇది సుమారు నాలుగుంపావు బై ఆరున్నర.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి స్మారక కార్డులు. నల్ల అంచు, తెల్ల ఎంబాసింగ్, పోయినవారి పేరు, వయసు, ఏ శ్మశానంలో పాతిపెట్టారో. మన పెద్దకర్మ కార్డు చేసే పనే ఇవీ చేశాయి. రెండేళ్ల, మూడేళ్ల పిల్లల పేర్లున్నవి ఎంత తరచుగా ఎదురవుతాయో చూస్తే ఆ కాలం గురించి ఏ పుస్తకం చెప్పనంత తెలుస్తుంది. అమ్మేవాళ్లు వీటిని చాలాసార్లు అట్టపెట్టె అడుగున పడేస్తారు, చవకగా ఇచ్చేస్తారు.

2. ఒక దారి ఎంచుకోండి

"పాతవి, అందమైనవి" అని కొనడం మొదలుపెడితే ఏడాదిలో పెట్టె నిండుతుంది, చేతికి మాత్రం ఏమీ రాదు. పిల్లి బొమ్మలు, గులాబీలు లక్షల్లో అచ్చయ్యాయి. వాటిలో ఏది ఎందుకు కొన్నారో మీకే గుర్తుండదు.

ఒక ప్రశ్న పెట్టుకుని కొనండి. ఒకే ఊరి దుకాణాల కార్డులు కావచ్చు. ఒకే ముద్రాపకుడి పని కావచ్చు. కుట్టుదారం కంపెనీలు, లేదా మందుల కంపెనీలు కావచ్చు. మీరు ఫార్మసీ చదివినవాళ్లైతే, 1906లో అమెరికాలో ఆహార, మందుల చట్టం రాకముందు మందుల కార్డులు ఎలాంటి మాటలు చెప్పాయో చూస్తే ఆశ్చర్యపోతారు. ఒకే సీసా రక్తశుద్ధికి, నీరసానికి, ఆడవాళ్ల జబ్బులకి, అన్నిటికీ పనిచేస్తుందన్నారు. హుడ్స్, ఆయర్స్ అనే మందుల కంపెనీల కార్డులు రెండూ మసాచుసెట్స్‌లోని లోవెల్ పట్నం నుంచే వచ్చాయి. ఆ ఒక్క ఊరి మందుల కార్డులతోనే మంచి సేకరణ తయారవుతుంది.

మీరు ఉంటున్న ఊరితో మొదలుపెట్టమనే నేను చెబుతాను. బర్మింగ్‌హామ్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటే, మీరు రోజూ నడిచే వీధి పేరున్న 1880ల కార్డు దొరికినప్పుడు ఆ చోటు ఇంకోలా కనిపిస్తుంది. స్థానిక చరిత్ర సంఘాలవాళ్లు కూడా మీతో మనసు విప్పి మాట్లాడతారు.

ఇక్కడే ఒక కష్టమైన సంగతి. ఆ కాలపు కార్డుల్లో నల్లజాతివాళ్లని, చైనీయులని, ఐరిష్‌వాళ్లని, మన దేశంవాళ్లని కించపరిచే బొమ్మలు బోలెడున్నాయి. సబ్బు ప్రకటనల్లో మరీనూ. ఇవి కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం. కొంటే మాత్రం అలంకారంగా గోడకి పెట్టొద్దు. తేదీ, కంపెనీ పేరు, సందర్భం రాసి సాక్ష్యంగా దాచండి. ఇలాంటివి లేనట్టు నటించే సేకరణ ఆ కాలం గురించి అబద్ధం చెబుతుంది.

3. పనిముట్లు

పది రెట్లు చూపించే భూతద్దం, వజ్రాల వ్యాపారులు వాడే చిన్న లూప్ లాంటిది. అల్ట్రావయొలెట్ టార్చి. మిల్లీమీటర్ల స్కేలు. మెత్తని 2బి పెన్సిల్. పొడిచేతులు. పేపర్ కార్డులకి గ్లౌజులు అక్కర్లేదు, గుడ్డ గ్లౌజుల్లో వేలి స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. ఫోటోలు పట్టుకునేటప్పుడు మాత్రం నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. విక్టోరియన్ కాలంలో కొన్ని ఆకుపచ్చ రంగుల్లో ఆర్సెనిక్ ఉండేది. కాబట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, కార్డులు చూస్తూ ఏమీ తినొద్దు.

4. అచ్చు పద్ధతి గుర్తుపట్టడం

నకిలీలని పట్టేది ఇక్కడే. తీరిగ్గా నేర్చుకోండి.

అసలు క్రోమోలిథోగ్రాఫ్‌ని లూప్ కింద పెడితే ముఖం మీద, ఆకాశం మీద చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. వాటికి ఒక వరస ఉండదు. కళాకారుడు ప్రతి రంగుకీ వేరే రాయి మీద చేత్తో చుక్కలు పెట్టాడు కాబట్టి కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి, కొన్నిచోట్ల దట్టం, కొన్నిచోట్ల పల్చన. రంగులు ఒకదాని మీద ఒకటి పడి కొత్త రంగు పుడుతుంది. మంచి కార్డుకి పది పన్నెండు రాళ్లు మామూలే, ప్రాంగ్ లాంటివాళ్లు ఇంకా ఎక్కువ వాడారు. అంచు దగ్గర ఏదైనా రంగు కాస్త పక్కకి జరిగి సన్నని గీతలా కనిపిస్తే, అది రాళ్ల మధ్య అమరిక తప్పిన గుర్తు. అక్కడ ఏ రంగు కింద ఉంది, ఏది మీద ఉంది అన్నది కూడా కనబడుతుంది.

ఇప్పుడు ఈనాటి పత్రికలో ఒక రంగుల ఫోటోని అదే లూప్‌తో చూడండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు గళ్లలో, చిన్న చిన్న పూలలా వరసగా కనిపిస్తాయి. అది ఆఫ్‌సెట్ అచ్చు. "విక్టోరియన్ కార్డు" అని అమ్ముతున్నదాని మీద ఈ పూల వరస కనిపిస్తే అది 20వ శతాబ్దపు పునర్ముద్రణ. ఇంక్‌జెట్ ప్రింటు అయితే పొడి చల్లినట్టు మెత్తని చుక్కలుంటాయి.

అక్షరాలు కూడా చూడండి. లెటర్‌ప్రెస్‌లో, అంటే సిరా పూసిన అచ్చు అక్షరాలని కాగితం మీద నొక్కే పద్ధతిలో, అచ్చయిన దుకాణం పేరు కాగితాన్ని కాస్త నొక్కుతుంది, వెనక వేలితో తడిమితే తెలుస్తుంది. స్టాక్ కార్డుల్లో బొమ్మ లిథోగ్రఫీ, పేరు లెటర్‌ప్రెస్ అవడం చాలా మామూలు. రాగి పలక మీద చెక్కి అచ్చేసిన విజిటింగ్ కార్డుల్లో సిరా కాగితం మీద కొంచెం ఉబ్బి ఉంటుంది.

చీకటి గదిలో అల్ట్రావయొలెట్ కాంతి వేయండి. కాగితం నీలి తెలుపుగా మెరిస్తే అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనాలున్నట్టు. కాగితంలో వాటి వాడకం 1950 ప్రాంతం నుంచి మామూలైంది. విక్టోరియన్ కాగితం మసకగా, గోధుమ పసుపులోనే ఉండాలి. అయితే మెరవనంత మాత్రాన అసలుదని కాదు, ఎందుకంటే ఈ రసాయనాలు లేని కొత్త కాగితాలూ ఉన్నాయి. లూప్, కాంతి, అంచుల అరుగుదల, వెనక వైపు, నాలుగూ ఒకే మాట చెబితేనే నమ్మండి.

5. కాలం తేల్చడం

చాలా కార్డుల మీద సంవత్సరం ఉండదు. ఉన్నా అది కాపీరైట్ తేదీ కావచ్చు, కార్డు ఆ తర్వాత ఎన్నేళ్లకైనా అచ్చయి ఉండొచ్చు. ఆధారాలు పోగేసుకోవాలి.

దేశం పేరు ఒక మంచి ఆధారం. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం, 1891 నుంచి దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలి. "జర్మనీలో అచ్చయింది" అని ఇంగ్లిష్‌లో ఉన్న కార్డు సాధారణంగా ఆ తర్వాతదే.

బ్రిటన్ కార్డుల మీద "ఎంట్. స్టా. హాల్" అనే పొట్టి మాట ఉంటే, దాన్ని కాపీరైట్ కోసం లండన్‌లోని స్టేషనర్స్ హాల్‌లో నమోదు చేశారని అర్థం. టక్ కార్డుల మీద రాజముద్ర గురించి ప్రస్తావన ఉంటే, ఆ కంపెనీకి విక్టోరియా రాణి రాయల్ వారంట్, అంటే రాజకుటుంబానికి సరుకు అందించే హోదా, ఇచ్చిన 1893 తర్వాతివి. 1940 డిసెంబర్ 29న బాంబు దాడిలో టక్ భవనం కాలిపోయింది. కంపెనీ పాత రికార్డులు, అసలు చిత్రాలు దానితోపాటే పోయాయి. ఆ కార్డుల చరిత్రని ఇవాళ కార్డుల నుంచే తిరిగి రాసుకోవాల్సి రావడానికి కారణం అదే. సేకరించేవాళ్లు కార్డుల వెనక అచ్చయిన నంబర్లని తమ పుస్తకంలో ఎక్కించి ఉంచడం ఎంత అవసరమో ఇలాంటి చోటే తెలుస్తుంది.

పోస్టుకార్డైతే నియమాలే తేదీ చెబుతాయి. బ్రిటన్‌లో ప్రైవేటు వాళ్లు అచ్చేసిన కార్డుకి స్టాంపు అతికించి పంపడానికి అనుమతి 1894లో వచ్చింది. 1902కి ముందు వెనక వైపంతా చిరునామాకే, సందేశం బొమ్మ ఉన్న వైపే రాయాలి. మధ్యలో గీత గీసి రెండు భాగాలు చేసిన కార్డు ఆ తర్వాతది. అమెరికాలో ఆ మార్పు 1907లో వచ్చింది. కాబట్టి గీత ఉన్న పోస్టుకార్డుని ఎవరైనా విక్టోరియన్ అంటే నమ్మొద్దు, రాణి 1901 జనవరిలోనే చనిపోయింది.

ఫోటోల్లో అట్టని చూడండి. 1860ల మొదట్లో అట్ట పల్చన, మూలలు చదరం, వెనక స్టూడియో పేరు చిన్నగా. 1870లకి మూలలు గుండ్రమయ్యాయి. 1880లు, 1890లలో అట్ట మందమైంది, ముదురు రంగులు, బంగారు అంచులు, వెనక వైపంతా లతలు, పతకాలు. అమెరికా ఫోటో వెనక పన్ను స్టాంపు అతికి ఉంటే అది 1864 సెప్టెంబరుకీ 1866 ఆగస్టుకీ మధ్య అమ్ముడైంది. ఇంత ఖచ్చితమైన ఆధారం ఈ రంగంలో ఇంకోటి దొరకడం కష్టం.

అన్నిటికన్నా ఆనందాన్నిచ్చే పద్ధతి చిరునామాతో వెతకడం. మీ కార్డు వెనక ఒక మందుల షాపు పేరు, వీధి, తలుపు నంబరు ఉన్నాయనుకోండి. ఆ కాలంలో పట్నాలకి వ్యాపారుల డైరెక్టరీలు అచ్చయ్యేవి. ఇంగ్లండు, వేల్స్ డైరెక్టరీలు ఎన్నిటినో లెస్టర్ యూనివర్సిటీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. అమెరికా పాత పత్రికలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌వాళ్ల క్రానిక్లింగ్ అమెరికాలో దొరుకుతాయి. ఆ షాపు 1879 డైరెక్టరీలో లేదు, 1881లో ఉంది, 1886లో వేరే వీధికి మారింది అని తేలితే, మీ కార్డు వయసు ఐదారేళ్ల లోపలికి వచ్చేసినట్టే. బొమ్మ మాత్రమే చూసేవాళ్లకి ఈ సంతోషం ఎప్పటికీ అందదు.

6. కొనడం

లండన్‌లో శనివారం పోర్టొబెల్లో రోడ్డు, మసాచుసెట్స్‌లో ఏడాదికి మూడుసార్లు జరిగే బ్రింఫీల్డ్ సంత, 1975లో మొదలైన ఎఫిమెరా సొసైటీ పెట్టే ప్రదర్శనలు చూడదగ్గవి. సొసైటీ ప్రదర్శనల్లో అమ్మేవాళ్లకి విషయం తెలుసు, ధర ఎక్కువైనా నేర్చుకోవడానికి అదే చోటు. పెద్దవాళ్లతో నెమ్మదిగా మాట్లాడండి, వాళ్లు ఒక్కో కార్డు గురించి అరగంట చెబుతారు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వెనక వైపు ఫోటో లేకుండా డబ్బు కట్టొద్దు. కొలతలు మిల్లీమీటర్లలో అడగండి, పునర్ముద్రణలు చాలాసార్లు అసలు సైజుకి సరిపోవు. వర్ణనలో కొన్ని మాటలకి అర్థం తెలిసి ఉండాలి. "ట్రిమ్డ్" అంటే అంచులు కత్తిరించారు. "ఆల్బమ్ రెసిడ్యూ" అంటే వెనక జిగురూ, నల్ల కాగితపు ముక్కలూ అంటుకుని ఉన్నాయి. "పేపర్ లాస్" అంటే ఆల్బమ్ నుంచి లాగినప్పుడు వెనక పొర ఊడిపోయింది. "ఫాక్సింగ్" అంటే గోధుమ రంగు మచ్చలు.

ధరల విషయంలో కంగారు పడాల్సిన పని లేదు. మామూలు ట్రేడ్ కార్డులు, పేరు తెలియని కార్ట్ డి విజిట్‌లు కొద్ది డాలర్లకే వస్తాయి. పేరున్న ముద్రాపకుడు, అరుదైన విషయం, లాగితే కదిలే బొమ్మలున్న కార్డు అయితే ధర పెరుగుతుంది. మొదటి ఏడాది చవకవాటితోనే గడపండి. ఒక్క ఖరీదైన కార్డు కన్నా కలగలుపుగా అమ్మే ఒక కట్ట ఎక్కువ నేర్పుతుంది.

ఇండియాకి తెప్పించుకుంటే కార్డుని రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి పంపమని రాసి అడగండి. కస్టమ్స్ సుంకం, పోస్టేజీ కలుపుకుంటే మూడు డాలర్ల కార్డు ముప్పైకి చేరొచ్చు, అందుకే ఒకే అమ్మకందారు దగ్గర కొన్ని కలిపి తీసుకోవడం మేలు.

7. శుభ్రం చేయడం, దాచడం

శుభ్రం చేయడం గురించి నా సలహా చాలావరకు "వద్దు" అనే. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపండి, అక్కడితో ఆపేయండి. వెనక జిగురు పోతుందని నీళ్లలో నానబెట్టమని కొందరు చెబుతారు. చాలా కార్డుల మీద వార్నిష్ లేదా జిలెటిన్ పూత ఉంటుంది, నీళ్లు తగిలితే అది ఉబ్బి, మసకబారి, రంగుతో సహా ఊడొస్తుంది. సిరా రాత ఉంటే చెదిరిపోతుంది. పట్టు కుచ్చులున్న కార్డులు, గాజుపొడి చల్లినవి బ్రష్షు కూడా ఓర్చుకోవు. లాగితే కదిలే కార్డు బిగుసుకుంటే బలవంతం చేయకండి. చిరుగు మీద సెలోటేప్ వేయొద్దు, దాని జిగురు కొన్నేళ్లకి కాగితంలోకి ఇంకి పసుపు మరకవుతుంది. లామినేషన్ మాట ఎత్తనే ఎత్తొద్దు.

కాగితం దానంతట అదే ముసలిదవుతుంది. పాత గుడ్డపీలికలతో చేసిన కాగితం గట్టిది. 19వ శతాబ్దం రెండో సగంలో చెక్క గుజ్జు కాగితం వచ్చింది, దాన్ని పటికతో పదును చేయడం వల్ల ఆమ్లం చేరి పసుపెక్కి పెళుసవుతుంది. వేడి, తేమ, వెలుతురు ఆ పనిని తొందర చేస్తాయి. కాబట్టి ఒక్కో కార్డుని పాలియెస్టర్ కవర్లో, మైలార్ లేదా మెలినెక్స్ అని అడిగితే ఇస్తారు, పెట్టి, ఆమ్లం లేని అట్టపెట్టెలో నిలబెట్టండి. పీవీసీ కవర్లు, స్టేషనరీ షాపుల్లో దొరికే జిగురు పేజీల ఫోటో ఆల్బమ్‌లు వద్దు. పీవీసీ కొన్నాళ్లకి ఆమ్లాన్ని వదులుతుంది. ఫోటోలకి, ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్టు (కవరు ఫోటోని పాడుచేయదని తేల్చే పరీక్ష) దాటిన కవర్లు అని రాసి ఉన్నవే తీసుకోండి.

మ్యూజియంలు చెప్పే తేమ 35 నుంచి 50 శాతం. విశాఖలోనో, కాకినాడలోనో, మచిలీపట్నంలోనో ఉన్నవాళ్లకి వర్షాకాలంలో అది అందని మాట. చేయగలిగినవి కొన్నున్నాయి. పెట్టెని బయటి గోడకి ఆనించొద్దు, నేల మీద పెట్టొద్దు. ఇంటి మధ్య గదిలో, ఇనుప బీరువాలో, మధ్య అరలో ఉంచండి. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెట్టె పెట్టొచ్చు, కానీ జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టడం మరిచిపోకూడదు. మరిచిపోతే మూసిన డబ్బా బూజుకి ఇల్లవుతుంది. ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు లోపల ఉంచితే టెన్షన్ తగ్గుతుంది. బీరువాలో కలరా ఉండలు వేసే అలవాటు మనకుంది. చీరలకి సరే, కార్డుల పెట్టెలో వద్దు, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లని, ఫోటోలని పాడుచేస్తుంది. సిల్వర్ ఫిష్ అనే పురుగుకి పాత జిగురు, పిండి అంటే ప్రాణం. కొత్తగా వచ్చిన కార్డులని కొన్ని వారాలు విడి కవర్లో ఉంచి, పొట్టు, పొడి, గుడ్లు రాలలేదని చూసుకున్నాకే మిగతావాటితో కలపండి. వర్షాకాలం ముందోసారి, తర్వాతోసారి పెట్టెలన్నీ తెరిచి చూడండి, చెదలు గోడ వెంబడే వస్తాయి.

గోడకి ఫ్రేమ్ కట్టించాలనిపిస్తే మంచి స్కాన్ ప్రింటు తీసి కట్టించండి. అసలు కార్డు చీకట్లోనే ఉండాలి.

8. రాసి ఉంచడం

ప్రతి కార్డుకీ ఒక నంబరివ్వండి. ఆ నంబరు కార్డు మీద కాదు, కవరు మీద రాయండి. రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేయండి, కాగితాన్ని లోపలికి లాక్కునే స్కానరు వాడొద్దు. ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఇవి రాయండి: కొలతలు, అచ్చు పద్ధతి, ముద్రాపకుడు, వెనక ఉన్న ప్రతి అక్షరం ఉన్నదున్నట్టుగా, మీరనుకునే కాలం, అలా ఎందుకనుకుంటున్నారు, ఎక్కడ ఎవరి దగ్గర ఎంతకి కొన్నారు, ఏయే కార్డులతో కలిసి వచ్చింది. చివరిది చాలామంది రాయరు. ఒకే పెట్టెలో వచ్చిన కార్డులు ఒకే ఇంటివి కావచ్చు, విడిపోయాక ఆ సంగతి మళ్లీ తెలియదు.

9. ఆల్బమ్ దొరికితే

ఎప్పుడో ఒకప్పుడు మీకు పూర్తి స్క్రాప్ ఆల్బమ్ ఎదురవుతుంది. అమ్మకందారులు వాటిని విప్పి, కార్డులు ఒక్కొక్కటిగా అమ్ముకుంటారు, ఎందుకంటే అలా ఎక్కువ డబ్బొస్తుంది. మీరలా చేయకండి. ఆ పేజీలో దారం కంపెనీ కార్డు పక్కన స్మారక కార్డు, దాని కింద బడిలో ఇచ్చిన మెప్పు కార్డు అతికించింది ఒక మనిషి. ఏది ఏ వరసలో పెట్టాలో ఆ మనిషే నిర్ణయించుకుంది. అది ఒక ఇంటి రికార్డు. పేజీలు మరీ పెళుసైతే ఒక్కో పేజీని ఫోటో తీసి, మధ్యలో ఆమ్లం లేని పల్చని కాగితం వేసి, అడ్డంగా పడుకోబెట్టి దాచండి.

10. మన దగ్గర దొరికేవి

విక్టోరియా కాలం మన నేల మీదా గడిచింది కాబట్టి ఇక్కడి కాగితాలూ ఉన్నాయి. 1879లో వచ్చిన పావు అణా, అంటే అణాలో నాలుగో వంతు ధర ఉన్న పోస్టుకార్డు ఇప్పటికీ పాత కాగితాల వ్యాపారుల దగ్గర దొరుకుతుంది. మాంచెస్టర్ నుంచి వచ్చే మిల్లు బట్ట తానుల మీద దేవుళ్ల బొమ్మలతో, కొన్నిటి మీద భారతీయ భాషల అక్షరాలతో క్రోమోలిథో లేబుళ్లు అతికించేవాళ్లు. కొన్న ఇళ్లలో వాటిని ఊడదీసి గోడకి పెట్టుకున్నారు. రాజా రవివర్మ ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలైంది, దాని యంత్రాలు, నిపుణులు జర్మనీ నుంచి వచ్చారు. రాజా దీన్ దయాళ్ సికింద్రాబాద్ స్టూడియో పేరుతో ఉన్న క్యాబినెట్ కార్డు దొరికితే అది హైదరాబాద్ చరిత్రలో ఒక ముక్క. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు.

హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు తిరగేస్తే మధ్యలో బుక్‌మార్కులుగా పెట్టిన కార్డులు అప్పుడప్పుడు దొరుకుతాయి. పుస్తకంలో దొరికిన కార్డైతే ఆ పుస్తకం పేరు, ముందు పేజీలో రాసిన పేరు కూడా నమోదు చేయండి.

చట్టం తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులు, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతులు, పత్రాలు ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న బంధువుకి తాతగారి కాలపు కాగితాలు సూట్‌కేసులో పెట్టి పంపేముందు భారత పురావస్తు శాఖ కార్యాలయంలో అడగండి. పురావస్తువు కాని వాటికి ఆ మాట చెబుతూ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వాళ్ల దగ్గర ఉంది.

చివరిగా, మీ స్ప్రెడ్‌షీట్ కాపీ ఒకటి పెట్టెలోనే కాగితం మీద ప్రింటు తీసి పెట్టండి, ఇంకోటి ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి. ఆ ప్రింటు మొదటి పేజీలోనే, మీ తర్వాత ఈ సేకరణ ఏ లైబ్రరీకి, ఏ మ్యూజియానికి, లేదా ఏ స్నేహితుడికి వెళ్లాలో రాయండి. ఆ సంస్థవాళ్లని ముందుగానే అడిగి, వాళ్లు ఏ రూపంలో తీసుకుంటారో తెలుసుకుని, పెట్టెలని అలాగే సర్దడం మొదలుపెట్టండి.